లైను ఎక్కడ తెగాలి?

బ్రెయిలీ టైపు చేసే పెర్కిన్స్ బ్రెయిలర్‌లో చిన్న గంట ఒకటి ఉంటుంది. 1951లో అమెరికాలో వచ్చిన ఈ యంత్రం మీద లైనుకు 42 గళ్లు పడతాయి. లైను చివరికొస్తుంటే గంట మోగుతుంది. తర్వాతి మాట ఇక్కడే పడుతుందా, కింది లైనుకు దించాలా అన్నది రాసే మనిషి అప్పుడు తేల్చుకోవాలి. అంధులు వేలితో చదివే తన లిపిని లూయీ బ్రెయిలీ 1829లో పుస్తకంగా వెలువరించాక నూరేళ్లకు పైగా ఈ తీర్పు మనిషిదే.

తీర్పు అనడం ఎందుకంటే, అచ్చులో లైను చాలాసార్లు కాగితం అంచు వచ్చిందని తెగుతుంది. బ్రెయిలీలో లైను మొదలే వేలికి కబురు చెబుతుంది. అమెరికా పద్ధతిలో పేరా మూడో గడిలో మొదలై, తక్కిన లైన్లు మొదటి గడికి వస్తాయి. పద్యం దీనికి తిరగేసి ఉంటుంది: పాదం మొదటి గడిలో మొదలవుతుంది, మిగిలిన ముక్క మూడో గడి నుంచి సాగుతుంది.

ఇంగ్లీషులో లైను తెగే చోటును బట్టి రాతే మారిపోయేది. టు, ఇంటు, బై అనే మాటల సంక్షిప్త రూపాలను తర్వాతి మాటకు ఖాళీ లేకుండా అతికించి రాసేవారు. ఆ మాట అదే లైనులో పట్టకపోతే సంక్షిప్తం చెల్లదు, అక్షరాలన్నీ రాయాల్సిందే. లూయీ బ్రెయిలీ పుట్టినరోజైన జనవరి 4న, 2016లో, అమెరికా ఏకీకృత ఇంగ్లీషు బ్రెయిలీకి మారాకే అక్కడ ఈ నియమం పోయింది.

కంప్యూటర్ ఈ పనిలోకి దిగింది 1960ల్లో. కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లోని అమెరికన్ ప్రింటింగ్ హౌస్ ఫర్ ది బ్లైండ్ ఐబీఎం యంత్రంతో బ్రెయిలీ పుస్తకాలు తయారుచేసింది. తర్వాత కోబాల్ భాషలో డాట్‌సిస్-3 అనే బ్రెయిలీ అనువాద ప్రోగ్రాం వచ్చింది. దాన్ని రాసినవారిలో ఒకరైన జోసెఫ్ సలివన్, రాబర్ట్ గిల్డియాతో కలిసి 1975లో డక్స్‌బరీ సిస్టమ్స్ అనే బ్రెయిలీ సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించారు. అనువాదం చకచకా సాగింది కానీ, పేరా ఎక్కడ, పద్యం ఎక్కడ అన్నది గుర్తులు పెట్టి యంత్రానికి మనిషే చెప్పాల్సి వచ్చేది.

గుర్తుల్లేని ఫైళ్లతో అసలు చిక్కు మొదలైంది. కంప్యూటర్‌లో లైను ముగింపును తెలిపే క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ టెలిప్రింటర్ల నుంచి వచ్చినవి. ఒకటి అచ్చు తలను ఎడమ అంచుకు చేర్చేది, మరొకటి కాగితాన్ని ఒక లైను పైకి జరిపేది. పేరా అన్న ఊహ వాటిలో లేదు. 1971లో మైకేల్ హార్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ఈ-పుస్తకాల్లో లైను సుమారు 70 అక్షరాల దగ్గర తెగుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు 40 గళ్ల బ్రెయిలీ లైనులో పోస్తే ఒక లైను నిండుతుంది, రెండోది మధ్యలోనే ఆగిపోతుంది. పుస్తకం పొడవునా ఇదే వరస. ప్రతి లైనునూ ప్రోగ్రాం పేరాగా తీసుకుంటే మరీ ఘోరం, అడుగడుగునా వేలు మూడో గడి దగ్గర తడుముకోవాలి.

అందుకే బ్రెయిలీ పుస్తకాల తయారీదారులు మూడడుగుల ఉపాయం పట్టారు. వరుసగా రెండు ఎంటర్లున్న చోట, పాఠంలో ఎక్కడా లేని గుర్తు పెట్టాలి. మిగిలిన ఒంటి ఎంటర్లను ఖాళీలుగా మార్చాలి. చివరికి ఆ గుర్తును పేరాగా మార్చాలి. వచనానికి ఇది చక్కగా పనికొస్తుంది. పట్టికలు, చిరునామాలు, పద్యాలు మాత్రం ఈ దెబ్బకు చెల్లాచెదురవుతాయి.

తెలుగు పద్యానికి నష్టం ఇంకా ఎక్కువ. ఉత్పలమాల, చంపకమాలల్లో పాదం ముగిసినా మాట ముగియకపోవచ్చు. సగం పైపాదంలో, సగం కిందిపాదంలో ఉంటుంది. ఎంటర్ స్థానంలో ఖాళీ పడితే మాట రెండు ముక్కలవుతుంది, పాదాలేమో కలిసిపోతాయి. ప్రాస నిలిచేది ప్రతి పాదం రెండో అక్షరంలో. పాదాలు విడివిడిగా ఉంటే ఎడమ అంచు వెంట కిందికి దిగే వేలికి అది ఇట్టే తగులుతుంది, కలిసిపోతే వెతుక్కోవాలి. పైగా భారతీయ భాషలకు వాడే భారతీ బ్రెయిలీలో గుణింతాలకు, వత్తులకు వేరే గళ్లు కావాలి: ‘తెలుగు’ అన్న మూడక్షరాల మాటకే ఆరు గళ్లు. ఇరవై అక్షరాల ఉత్పలమాల పాదం 40 గళ్లు దాటిపోవచ్చు, మిగిలిన ముక్క మూడో గడికి జరగాలి.

శీర్షిక, పేరా, పద్యం అని స్టైళ్లు పెట్టిన ఫైలు చేతికొస్తే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. స్కాన్ చేసిన పాత పుస్తకాల్లోనూ, లైను సరిపెట్టడానికి మధ్యలో ఎంటర్ కొట్టిన డీటీపీ ఫైళ్లలోనూ ఆ వివరాలుండవు. పద్యం చదవడం తెలిసిన మనిషి ఒకరు కూర్చుని, ఏ ఎంటర్ కవిదో, ఏది కాగితం అంచుదో పేజీ పేజీకీ విడదీయాలి.