ఋషికుల్యా తీరము: తాబేళ్లు, తెలుగు జాలరులు

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు నేటి గంజాం మండలము మదరాసు రాజధానిలో అంతర్భాగము. ఎల్లలు మారినను, ఆ తీరమున వలలు వేయు నోలియాలలో పెక్కురు నేటికిని ఇండ్లలో తెలుగే మాటాడుదురు. ఋషికుల్యా నది కడలిం గలియునది ఆ తీరముననే.

ఒరిస్సాతీరమున ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకొలది ఒక్కుమ్మడి వచ్చి గ్రుడ్లు పెట్టు తావులు మూడు. గహిర్మథ 1974లోను, దేవీనదీముఖము 1981లోను శాస్త్రలోకమునకు దెలిసినవి. ఋషికుల్యాముఖమును 1994లో బివాష్ పాండవ్ మొదలగు పరిశోధకులు ప్రకటించిరి. తీరవాసులకు మాత్రము ఆ రాక క్రొత్త కాదు.

పిదప బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు అచట ఏండ్ల తరబడి తాబేళ్లను లెక్కించిరి. ఇసుక వేడిమిని గొలిచిరి. గ్రుడ్డులోని పిల్ల ఆడదో మగదో నిర్ణయించునది ఇసుక వేడిమియే. వేడిమి హెచ్చినకొలది ఆడుపిల్లలు హెచ్చును. కావుననే శీతోష్ణస్థితి మార్పును ఎఱుగుటకు ఈ కొలతలు ముఖ్యములు. రాత్రివేళల ఈ పనిలో స్థానిక యువకులు వారికి తోడ్పడిరి.

తాబేళ్ల రక్షణకై ఈ మూడు నదీముఖముల యెదుట 20 కిలోమీటర్లలోపల నవంబరు 1 మొదలు మే 31 వరకు ఏటేట వేట నిషేధింపబడుచున్నది. ఏడు నెలల ఆ భారము మోయువారు జాలరులే. తాబేలు చరిత్రలో పరిశోధకుల శ్రమతోపాటు జాలరుల యెఱుకయు, వారు వదలుకొనిన వేటదినములును లెక్కకు రావలెను.