యాభై డాలర్ల నోటు మీద ఉన్నాయన

పోస్టు కొంచెం పొడుగైంది. సగం టీ బ్రేక్‌లో, సగం బస్సులో చదవండి.

ఆస్ట్రేలియాలో పనిచేసే మనందరి చేతుల మీదుగా పసుపురంగు యాభై డాలర్ల నోటు పోతుంటుంది. రెంటుకెంత, ఇంటికెంత అని లెక్కపెడతాం గానీ దాని మీద ముఖం ఎవరిదో చూడం. నేనూ రెండేళ్లు చూడలేదు.

ఆయన పేరు డేవిడ్ యునైపన్. ఇక్కడి ఆదివాసుల్లో నరింజెరి జాతి మనిషి. 1872లో దక్షిణ ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రీనా సరస్సు ఒడ్డున, ఇప్పుడు రౌకన్ అనే ఊళ్లో పుట్టాడు. గొర్రెల ఉన్ని కత్తిరించే యంత్రాన్ని మెరుగుపరిచి 1909లో తాత్కాలిక పేటెంటు తీసుకున్నాడు. పూర్తి పేటెంటుకు డబ్బు లేక అది చెయ్యి జారిపోయింది. దాని మీద ఆయనకు మిగిలిందేమీ లేదు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. 1920లలో ఆయన ఊరూరా తిరిగి, పెద్దవాళ్ల నోట ఉన్న సృష్టికథలు విని పుస్తకంగా రాశాడు. ప్రచురణకర్తలు ఆ రాతప్రతి హక్కుల్ని విలియం రామ్సే స్మిత్ అనే డాక్టరుకు అమ్మేశారు. 1930లో లండన్‌లో పుస్తకం వచ్చింది, అట్ట మీద పేరు రామ్సే స్మిత్‌ది. లోపల యునైపన్ పేరు ఒక్కచోట కూడా లేదు. ఆయన 1967లో చనిపోయాడు. ఆ పుస్తకం ఆయన పేరుతో రావడానికి 2001 దాకా పట్టింది. అంటే నోటు మీద ముఖం 1995లోనే వచ్చింది, పుస్తకం మీద పేరు ఆ తర్వాతే!

"కథలే కదా, ఎవరి పేరుంటే ఏంటి" అనుకోవచ్చు. అక్కడే అసలు సంగతి ఉంది.

నరింజెరి వాళ్ల కథ ఒకటి చెప్తా. నురుండేరి అనే మూలపురుషుడు పోండి అనే పెద్ద చేపను తరుముకుంటూ వచ్చాడట. అప్పటికి మర్రే నది చిన్న వాగు. చేప తోక కొట్టిన చోటల్లా ఒడ్డు విరిగి నది వంకరలు తిరిగి వెడల్పయింది. సరస్సు దగ్గర బావమరిది నెపెలె దాన్ని పొడిచాడు. ముక్కలు కోసి ఒక్కో ముక్కకు ఒక్కో పేరు పెట్టి నీళ్లలో వేస్తే, అవే రకరకాల చేపలయ్యాయి. తర్వాత ఆయన ఇద్దరు భార్యలు ఆడవాళ్లు తినకూడని చేప వండుకుని పారిపోయారు. వాళ్లు కంగారూ ద్వీపం వైపు నడుస్తుంటే సముద్రాన్ని లేవమన్నాడు. మునిగిపోయి వాళ్లు చిన్న దీవులయ్యారు. ఆ దీవులు ఇప్పటికీ ఉన్నాయి. ఇంకో ముచ్చట, ఆ ద్వీపం నిజంగానే ఒకప్పుడు నేలతో కలిసి ఉండేది. మంచుయుగం అయ్యాక సముద్రం పెరిగి సుమారు 10,000 ఏళ్ల కిందట విడిపోయింది.

మన స్థలపురాణం లాంటిదే కదా అనిపిస్తుంది. కొంతవరకు అంతే. కానీ వాళ్లకు కథ గుడికే పరిమితం కాదు. నీళ్లెక్కడ దొరుకుతాయి, ఎవరు ఏం తినొచ్చు, ఏ నేల ఎవరిది, అన్నీ అందులోనే. మన భాషలో చెప్పాలంటే కథే వాళ్ల పట్టాదారు పాసుబుక్కు. ఇంగ్లీషోళ్లు వచ్చి ఆ పాసుబుక్కు చదవలేక, ఇది ఎవరిదీ కాని నేల అని రాసుకున్నారు.

1963లో ఉత్తరాన యిర్కాలాలో గని కోసం భూమి తీసుకుంటుంటే, యోల్ఙు జనం పార్లమెంటుకు అర్జీ పెట్టారు. తమ భాషలోను, ఇంగ్లీషులోను టైపు చేయించి, చెట్టుబెరడు మీద అంటించి, చుట్టూ తమ నేలకు చెందిన బొమ్మలు గీశారు. ఆ బొమ్మలే వాళ్ల దస్తావేజు. 1971లో కోర్టు ఒప్పుకోలేదు. తర్వాత టోరెస్ జలసంధి దీవుల మనిషి ఎడ్డీ మాబో, ఆయన తోటివాళ్లు పదేళ్లు కొట్లాడారు. ఎవరి హద్దు వాళ్లదే అని చెప్పే తమ మాలో దేవుడి ధర్మాన్ని కూడా కోర్టులో చెప్పుకున్నారు. 1992 జూన్ 3న హైకోర్టు, ఇది ఎవరిదీ కాని నేల అన్న మాట చెల్లదంది. మాబో అప్పటికే చనిపోయి నాలుగు నెలలు దాటింది.

యునైపన్ పుస్తకం నుంచి పేరు తీసేసినా, యోల్ఙు వాళ్ల అర్జీని కాదన్నా పని ఒకటే. కథ చెప్పినోణ్ణి చెరిపేస్తే నేల మీద హక్కూ చెరిగిపోతుంది. అందుకే ఈ రోజుకీ వాళ్ల రచయితలు నేల దగ్గరే మొదలుపెడతారు. వాన్యి జాతి రచయిత్రి అలెక్సిస్ రైట్ 2006లో రాసిన 'కార్పెంటేరియా' నవల, నదుల్ని మలిచిన మహాసర్పంతోనే మొదలవుతుంది.

మనం బతుకుతెరువు కోసం వచ్చినోళ్లం. ఈ నేల పాసుబుక్కులో మన పేరు లేదు, ఉండాల్సిన పనీ లేదు. కనీసం ఎవరి పేరుందో తెలుసుకుందాం. ఈసారి యాభై నోటు చేతికొస్తే ఒక్క నిమిషం ఆగి ఆ ముఖం చూడండి. రూమ్మేట్ పక్కనుంటే, ఆయన ఎవరో చెప్పండి. పేరుతో సహా.