జపాను దేశపు నూలుబట్టలు: వాని పుట్టుపూర్వోత్తరములు

కార్పాసమునకు పుట్టినిల్లు భారతభూమి యని పెద్దలు చెప్పుదురు. ఈ సంచికను చదువు మహాశయులలో పెక్కురు మగ్గపు చప్పుడు నడుమ పుట్టి పెరిగినవారే. కావున దూరస్థమగు జపాను ద్వీపములందు నూలుబట్ట యెట్లు ప్రవేశించెనో, యెట్లు వర్ధిల్లెనో, ఆ చరిత్రమున మనము గ్రహింపదగిన దేమో సంగ్రహముగా విన్నవింప నుద్యమించితిమి.

క్రీ. శ. 799వ సంవత్సరమున మికావా సీమ సముద్రతీరమునకు ఒక చిన్న నావ కొట్టుకొని వచ్చెను. అందున్న యువకుని భాష యెవరికిని బోధపడలేదు. కొంతకాలమునకు ఆతడు తాను తెంజికు దేశీయుడనని చెప్పెనట. తెంజికు అనగా భారతదేశమే. సింధుశబ్దము చీనాభాషాద్వారమున నట్లు మారినది. ఆతనివద్ద పత్తిగింజ లుండెననియు, మరుసటియేట వానిని కీయీ, అవాజి, అవా మొదలగు సీమలందు నాటించిరనియు ఆ దేశపు ప్రాచీన చరిత్రములు చెప్పుచున్నవి. ఆ పంట నిలువలేదు. అయినను నిషియో పట్టణమున తెంజికు పేరిట నేటికిని ఒక దేవాలయము కలదు. పేరు తెలియని ఆ యతిథిని అచ్చట పత్తిదేవతగా కొలుచుచున్నారు.

పిమ్మట పలుశతాబ్దములు సామాన్యజనులు జనుప వంటి నారబట్టలనే కట్టిరి. నూలుబట్ట కొరియానుండియు చీనానుండియు వచ్చు అరుదైన సరుకు. 15, 16 శతాబ్దములలో గాని పత్తిసేద్యము అచ్చట కుదురుకొనలేదు. ఎడో ప్రభువుల కాలమున, అనగా 1603 మొదలు 1868 వరకు, అది దేశమంతట వ్యాపించెను. ఆ కాలమున డచ్చివారి ఓడలు మన చోళమండలతీరపు చారలబట్టలను నాగసాకి రేవునకు చేర్చెడివి. మద్రాసు చెంతనున్న సాంతోము పేరునుబట్టి జపానీయులు ఆ చారలను సాంతోమె అని పిలిచి, తమ మగ్గములపై వానిని అనుకరించిరి.

జపాను తాను వెడల్పు సుమారు 14 అంగుళములు, పొడవు సుమారు 13 గజములు. దానిని వంపులు లేక తిన్నగా కోసి, ఆ ముక్కలను సాదాకుట్టుతో జతచేసిన కిమోనో యగును. ఉదుకవలసినపుడు కుట్లు విప్పి, ముక్కలను మరల వరుసగా కలిపి, ఉతికి సాగదీసి ఆరబెట్టి, తిరిగి కుట్టుకొందురు. ముందుభాగము చివికినచో దానిని మరుగున పడు చోటికి మార్చుదురు. తునుకయు వ్యర్థము కాదు.

ఇక మనకు మిక్కిలి సన్నిహితమగు విద్య కసురి. పోచంపల్లివారి చిటికికిని దీనికిని మూలసూత్ర మొక్కటే: నేయకమున్నే నూలును అక్కడక్కడ బిగించి కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, ఆ తెలుపునీలములు పొందుపడునట్లు పడుగుపేకలను కూర్చుట. క్యూషూ ద్వీపమందలి కురుమెలో 1788లో పుట్టిన ఇనౌయె డెన్ అను బియ్యపువర్తకుని కూతురు, సుమారు 1800 ప్రాంతమున, పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయమున, వెలిసిన పాతబట్టపై తెల్లని మచ్చలను చూచెను. సామాన్యులు చిరిగినదని పారవైచెడి ఆ బట్టను ఆమె పోగుపోగుగా విప్పి, మచ్చలు నూలులో నెట్లు నిలిచినవో పరిశీలించి, తానే నూలును కట్టి నీలిలో ముంచి నేసెను. అంతకంటె గొప్ప సంగతి, ఆ విద్యను దాచుకొనక అనేకులగు స్త్రీలకు నేర్పి, 1869లో కన్నుమూసెను. ఇయో సీమలో కగియ కనా అను స్త్రీయు, బింగో సీమలో తోమిత క్యూసబురో అను పురుషుడును ఇట్టి కీర్తినే గాంచిరి.

నీలి సంగతియు చెప్పవలెను. మన నీలిచెట్టు వేరు, వారిది వేరు. అవా సీమలో ఆ ఆకును నీరు చల్లుచు, తిరుగవేయుచు సుమారు నూరుదినములు మాగవేసి, ఆ పదార్థమును కుండలలో పులియబెట్టెదరు. కురుమెలో నూలును పలుమారులు ముంచి, పిండి, నేలకు కొట్టుదురు. కొట్టినకొలది గాలి సోకి నీలిమ పోగులోనికి దిగును.

ఉత్తరపు చలిసీమలయందు పత్తి పండదు. త్సుగారు ప్రభువు 1724లో కర్షకులు నూలుబట్టలు కట్టరాదని శాసించెను. కొరుకుచలిలో నారబట్ట యెట్లు చాలును? ఆ యిల్లాండ్రు నీలి నారబట్టపై తెల్లని నూలుపోగులతో దట్టముగా కుట్లు వేసి, బట్టకు వెచ్చదనమును అందమును ఒక్కమారే తెచ్చిరి. అదియే కోగిన్ కుట్టు. ఓడలలో వచ్చిన పాతగుడ్డలను పొరలుపొరలుగా కుట్టినవి బోరోలు. సంస్కృతమున కంథ యనియు, తెలుగున బొంత యనియు మనమును ఆ వస్తువును ఎరుగుదుము. దారిద్ర్యము ఎక్కడనైనను ఒక్క సూదినే పట్టును.

1883లో ఒసాకా నూలుమిల్లు పని మొదలిడెను. 1893లో కోబెకును బొంబాయికిని నడుమ ఓడలు సాగి మన పత్తి అచ్చటికి విరివిగా పోయెను. 1896లో దిగుమతిపత్తిపై సుంకము తీసివేయగా ఆ దేశపు పత్తిసేద్యము నశించెను. 799లో గింజగా పోయి నిలువని మన పత్తి, వేయేండ్లకు మూటలుగా పోయి అచ్చటి రైతును త్రోసివేసెను! రసాయనపు నీలి వచ్చి అవా నీలిని కుంగదీసెను. అయినను యనగి సోయెత్సు వంటి విద్వాంసులు పల్లెపనివాని వస్తువులకు గౌరవము కలిగించి, 1936లో టోక్యోలో వానికొక ప్రదర్శనశాల నెలకొల్పిరి. 1957లో కురుమె కసురిని రాజ్యము అమూల్యసంపదగా ప్రకటించి, చేతికట్టు, సహజనీలి, చేతిమగ్గము అను మూడు నియమములను విధించెను. నేడు విప్పిన పాత కిమోనోల ముక్కలను విదేశములవారు సైతము కొని బొంతలు కుట్టుకొనుచున్నారు.

ఇందు మేము ముఖ్యముగా మనవి చేయున దొక్కటి. జపానీయులు కట్టు కట్టిన బాలికను పేరుతో, జన్మవత్సరముతో స్మరించుచున్నారు. చీరాలలో పుట్టిన తేలియా రుమాలు సముద్రములు దాటి అరబ్బుసీమల కేగెను. దానికై మొదట నూలు కట్టిన చేయి యెవరిదో మనకు పేరు నిలువలేదు. ఆసుపోసిన అవ్వలు, కట్లు కట్టిన అక్కలు, రంగుకుండ కాచిన తాతలు మన గ్రామములందు ఇంకను కొందరున్నారు. ప్రతిశాఖాసంఘమును వారి పేరును, ఊరును, వారు నేర్చిన విధానమును ఒక పుస్తకమున వ్రాయించి యుంచినచో, వచ్చు మహాసభనాటికి ఈ సంఘమునకు అంతకు మించిన నిధి యుండదు. పోషకమహాశయులు ఈ కార్యమునకు తోడ్పడెదరు గాక.