బిషప్పుగారి చిల్లర

మా వారికి పాత నాణేల పిచ్చి. మొన్న బీరువా సర్దుతుంటే ఆయన డబ్బాలోంచి నల్లటి రేకు ముక్కలాంటిది కిందపడింది. చెత్తలో వేయబోయాను. "ఆగు ఆగు, అది స్విట్జర్లాండ్ బిషప్పుగారి డబ్బు!" అని పరుగెత్తుకొచ్చారు. ఇక ఆ పూట వంట ఆలస్యమే.

దాని పేరు బ్లుట్స్‌గెర్. పుట్టింది ఆల్ప్స్ కొండల్లోని కూర్ అనే ఊళ్లో. (నాకూ మన కూరే గుర్తొచ్చింది లెండి!) అక్కడి బిషప్పు మతగురువే కాదు, పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో ఒక సంస్థానాధీశుడు కూడా. నాణేలు వేసుకునే హక్కును ఒట్టో చక్రవర్తి 10వ శతాబ్దంలోనే ఇచ్చాడు. 16వ శతాబ్దంలో ఊరు ప్రొటెస్టెంటు మతంలోకి మారింది. 1526లో బిషప్పు రాజ్యాధికారాన్ని కత్తిరించేశారు. ఊరికి పైన, గోడల మధ్య ఉన్న తన నివాసంలోనే ఆయన మిగిలారు. నాణేల హక్కు మాత్రం వదల్లేదు. కింద ఊరివాళ్లూ తమ నాణేలు వేసుకున్నారు. రైన్ నది అవతల హాల్డెన్‌స్టైన్ ప్రభువూ 17వ శతాబ్దంలో మొదలుపెట్టాడు. ఒక్క సంతలో ముగ్గురి చిల్లర!

లెక్క చూడండి. ఒక గుల్డెన్‌కు 60 క్రూజర్లు, లేదా 70 బ్లుట్స్‌గెర్లు. అంటే ఆరు క్రూజర్ల సరుకుకు ఏడు బ్లుట్స్‌గెర్లు ఇవ్వాలి. మరి ఒక్క క్రూజర్ వస్తువు కొంటే? ఒక బ్లుట్స్‌గెర్ చాలదు, రెండిస్తే ఎక్కువ. గుడ్లు అమ్ముకునే ఇల్లాలు ఈ లెక్క వేళ్ల మీద ఎలా వేసుకునేదో!

అసలు సంగతి వేరే ఉంది. పెద్ద నాణెమైనా చిన్నదైనా ముద్ర కొట్టే శ్రమ దాదాపు ఒకటే. గుల్డెన్ విలువ చిల్లర కావాలంటే 70 సార్లు కొట్టాలి. ఆ ఖర్చు రాబట్టుకోవడానికి వెండి తగ్గించి రాగి పెంచేవారు, పాలలో నీళ్లు కలిపినట్టు. కాస్త ఎక్కువ కలిపితే అది లాభం. 1620 ప్రాంతంలో ఆ సామ్రాజ్యంలో చాలామంది ప్రభువులు ఈ పనే చేస్తే ధరలు మండిపోయాయి. మంచి వెండి నాణేలు ఉన్నవాళ్లు పెట్టెల్లో దాచుకున్నారు. చిల్లరతో కూలి తీసుకునేవాళ్లు మునిగారు.

ఆ ప్రాంతం 1803లో స్విట్జర్లాండ్‌లో చేరింది. 1850లో దేశమంతటికీ ఫ్రాంకు వచ్చాక బ్లుట్స్‌గెర్ కథ ముగిసింది.

2011లో మన పావలా చెల్లదన్నప్పుడు మా అత్తగారు పోపులడబ్బా పక్కన దాచిన పావలాల మూటను చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఒక్కోటీ కూరగాయల బేరంలో ఆవిడ మిగిల్చినది. బిషప్పుగారికి చిల్లర ఒక లాభం, ఒక హక్కు. ఇల్లాలికి అదే సంసారం.

ఆ నల్ల రేకు ముక్కను తుడిచి, మళ్లీ డబ్బాలో నేనే భద్రంగా పెట్టాను.