జెకర్యా పలక

జెకర్యా యాజకుని నోరు మూయబడిన నెలలలో ఆయన ఊరకుండలేదని లూకా సువార్త మొదటి అధ్యాయము తెలుపుచున్నది. దేవాలయము వెలుపల కనిపెట్టుకొనియున్న జనులకు సైగలు చేసెను. శిశువునకు పేరు పెట్టు దినమున సైగ చాలదు గనుక, వ్రాతపలక అడిగి వ్రాసి చూపెను. మాట రాని బిడ్డలకు మనము నేర్పవలసిన విద్య ఇదియే.

ఈ విద్య సంఘములోనికి ఆలస్యముగా వచ్చెను. విశ్వాసమునకు వినికిడి మూలమని పౌలు వ్రాసినదానిని అక్షరార్థముగా పట్టుకొని, చెవిటివారికి ఉపదేశము అందదని పూర్వము పలువురు తలంచిరి. 1760 ప్రాంతమున పారిస్ నగరములో దె లెపె అను కతోలిక గురువు వినికిడి లేని ఇద్దరు అక్కచెల్లెండ్రను చూచెను. పటములతో వారికి నేర్పుచుండిన గురువు చనిపోయియుండెను. వీరు వేదపాఠము లేక మిగిలిపోవుదురేమోనని ఆయనకు బెంగ పట్టుకొనెను. ఆ నగరములోని చెవిటివారు చేతులతో మాటలాడుకొను సైగలను మొదట తానే నేర్చుకొని, వ్యాకరణమునకై కొన్ని గుర్తులు కల్పించి చేర్చి, పేదబిడ్డలకు ఉచితముగా చదువు చెప్పెను. ఆయన కల్పించిన గుర్తులు బరువైనవని తరువాతివారు విడిచిపెట్టిరి. శిష్యుల సొంత సైగలే నిలిచెను.

అయితే 1880లో మిలాను నగరమున కూడిన ఉపాధ్యాయుల సభ, సైగలు మాని నోటిమాటనే నేర్పవలెనని తీర్మానించెను. పెక్కు బడులలో చేతులు కదుపుట నేరమాయెను. వాంకూవరులో కూడిన సభ ఆ తీర్మానములను త్రోసిపుచ్చి విచారము తెలిపినది 2010లో; అనగా 130 ఏండ్లకు! మన దక్షిణదేశములో మిషనెరీ ఫ్లారెన్సు స్వెయిన్సన్ దొరసాని 1897లో పాలెంకోటలో చెవిటిబిడ్డలకు బడి స్థాపించెను. సైగలను, బ్రెయిలీని, ఇతర మార్గములను సంభాషణలో భాగముగా మన దేశపు 2016 నాటి చట్టము ఒప్పుకొనుచున్నది.

రాజయ్యపేటవంటి తీరగ్రామమున ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కెరటముల హోరులో కేక వినబడనిచో పడవవాడు చెయ్యి ఊపును. చీకటైనచో దీపము చూపును. బిడ్డకు నీళ్ల పటము ఒక్కటి నేర్పి ఊరకుండరాదు. తల్లి అటు తిరిగియున్నప్పుడు కొంగు లాగుటయు, పటము దొరకనప్పుడు కుండ చూపుటయు నేర్పవలెను. పటములు చూపిన మాట రాదని కొందరు భయపడుదురు. పరిశీలనలలో అట్లు తేలలేదు. కొందరు బిడ్డలకు మాటయు పెరిగినది.

ప్రభువు బల్లలో చేర్చుకొనునప్పుడు ప్రశ్నలకు నోటితోనే ఉత్తరమియ్యవలెనను పెద్దలు ఇంకను ఉన్నారు. తల యూపినను, పటము చూపినను అంగీకరింపవలెనని నా అభిప్రాయము. ఎలీసబెతు నోటితో చెప్పిన పేరును ఒప్పుకొనని బంధువులు, పలకమీది వ్రాత చూచి ఆశ్చర్యపడిరేగాని, నోటితో చెప్పుమని పట్టుపట్టలేదు.