గతాన్ని చెరపని ప్రేమ: వీడియో గేమ్ పాత్రల్లో ద్విలైంగికత, ఆలస్యంగా కలిగే ఎరుక

సారాంశం

వీడియో గేమ్‌లోని ఒక పాత్ర ద్విలైంగిక పాత్ర అవునా కాదా అన్నది తేల్చడానికి విమర్శకులు ఎక్కువగా వాడే కొలమానం ఒకటే: ఆ పాత్ర స్త్రీనీ పురుషుణ్నీ కూడా ప్రేమించే వీలు ఆటలో ఉందా లేదా? ఈ కొలమానం చాలదని ఈ వ్యాసం వాదిస్తుంది. పాత్రకు తనదైన గతం ఉండాలి, కొత్త ప్రేమ ఆ గతాన్ని అబద్ధంగా మార్చకూడదు. నడివయసుకు చేరువవుతూ తనను తాను తెలుసుకునే పాత్రల్లో ఈ లక్షణం స్పష్టంగా కనిపిస్తుంది. మాస్ ఎఫెక్ట్ త్రయంలోని కైడన్ అలెంకో పాత్రను ప్రధానంగా తీసుకుని, డ్రాగన్ ఏజ్ 2, స్టార్‌డ్యూ వ్యాలీ, డ్రీమ్ డాడీ ఆటలతో పోల్చి ఈ విషయాన్ని పరిశీలించాను.

1. సమస్య

ద్విలైంగికతను కథలో చూపించడం కష్టం. మనిషి ఏ క్షణంలో కనిపించినా ఎవరో ఒకరి పక్కనే కనిపిస్తారు. పక్కనున్నది స్త్రీయా, పురుషుడా అన్నదాన్ని బట్టి చూసేవాళ్లు ముద్ర వేసేస్తారు. న్యాయశాస్త్ర ఆచార్యుడు కెంజి యోషినో 2000లో స్టాన్‌ఫర్డ్ లా రివ్యూలో రాసిన వ్యాసంలో దీని వెనకున్న ప్రయోజనాలను విడమర్చారు. మధ్యలో ఉన్నవాళ్లు లెక్కలో లేకపోతే అటు భిన్నలింగ ప్రేమికులకూ ఇటు స్వలింగ ప్రేమికులకూ తమ గుర్తింపు స్థిరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే మధ్యలోనివారిని చెరిపివేసే, పైకి చెప్పని ఒప్పందం ఒకటి రెండు పక్షాల మధ్యా నడుస్తోందని ఆయన వాదన.

వయసు వచ్చాక తెలుసుకున్నవారికి ఈ ముద్ర మరింత బాధాకరం. ఇన్నాళ్ల కాపురం నటనేనా, లేక ఇప్పుడు చెబుతున్నదే అబద్ధమా అని అడుగుతారు. రెండూ నిజం కావచ్చన్న మాటకు ఆ ప్రశ్నలో చోటే లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త లీసా డైమండ్ సుమారు 100 మంది స్త్రీలను పదేళ్లపాటు అనుసరించి, 2008లో సెక్సువల్ ఫ్లూయిడిటీ అనే పుస్తకం ప్రచురించారు. ఆకర్షణలూ, వాటికి మనుషులు పెట్టుకునే పేర్లూ కాలంతోపాటు మారవచ్చని, అలా మారడాన్ని మోసంగా చూడనక్కరలేదని ఆ అధ్యయనం నుంచి అర్థమవుతుంది.

కాలాన్ని చూపించడంలో వీడియో గేమ్‌కు ప్రత్యేకమైన శక్తి ఉంది. ఒక పాత్రతో మనం పదుల గంటలు గడుపుతాం. ఒక భాగంలో మనం తీసుకున్న నిర్ణయాలు తర్వాతి భాగంలోకీ వస్తాయి. ఆ శక్తిని ప్రేమకథకు ఎలా వాడుకున్నారన్నదే నా ప్రశ్న.

2. కైడన్ అలెంకో: ఐదేళ్ల ఎడం

బయోవేర్ సంస్థ మాస్ ఎఫెక్ట్ త్రయాన్ని 2007, 2010, 2012 సంవత్సరాల్లో విడుదల చేసింది. కథానాయకుడిగానో కథానాయికగానో షెపర్డ్ పాత్రను ఆడేవారే ఎంచుకుంటారు. కైడన్ షెపర్డ్ జట్టులోని సైనికుడు. మొదటి ఆటలో అతణ్ని స్త్రీ షెపర్డ్ మాత్రమే ప్రేమించగలదు. అదే ఆటలో లియారా ఇద్దరికీ అందుబాటులో ఉంటుంది. అయితే ఆమె ఆసారి జాతికి చెందిన గ్రహాంతరవాసి, ఆ జాతిలో ఉన్నది ఒకే లింగం. పురుషుడికి పురుషుడి మీద ప్రేమ కలిగే దారి మాత్రం 2007లో లేదు. కైడన్, పురుష షెపర్డ్‌ల మధ్య ప్రేమ సంభాషణలు రికార్డయి ఆట ఫైళ్లలోనే ఉండిపోయాయని తర్వాత బయటపడింది. 2012లో వచ్చిన మూడో ఆటలో ఆ దారి తెరుచుకుంది. స్త్రీ షెపర్డ్‌కు ఉన్న దారీ మూసుకుపోలేదు.

దీన్ని పాత్రను మధ్యలో మార్చేయడంగా చూసి తప్పుపట్టినవారున్నారు. మొదటి ఆటలో కైడన్ స్వయంగా చెప్పుకున్న గతాన్ని గుర్తుంచుకుని చదివితే ఈ అభ్యంతరం నిలవదు.

టీనేజీలో కైడన్ జంప్ జీరో అనే అంతరిక్ష కేంద్రంలో శిక్షణ పొందుతాడు. అక్కడే రాహ్నా అనే అమ్మాయిని ఇష్టపడతాడు. విర్నస్ అనే శిక్షకుడు క్రూరుడు. ఒకరోజు రాహ్నా వస్తువులను తాకకుండానే కదిలించే తన బయోటిక్ శక్తిని వాడకుండా మామూలుగా చెయ్యి చాపి గ్లాసుడు నీళ్లు అందుకోబోతే ఆమె చెయ్యి విరిచేస్తాడు. కైడన్ ఎదురు తిరుగుతాడు. ఆ ఘర్షణలో అతని శక్తి అదుపు తప్పి విర్నస్ చనిపోతాడు. తన కోసమే అది జరిగినా, ఆ తర్వాత రాహ్నా అతణ్ని చూసి భయపడుతుంది. ఆ ప్రేమ అక్కడితో ముగుస్తుంది. అప్పటి నుంచి కైడన్ ఏ భావాన్నీ సులభంగా బయటపెట్టడు, ప్రతి అడుగూ ఆచితూచి వేస్తాడు.

మూడో ఆటలో ముప్పై దాటిన కైడన్ అంగారకుడి మీద తీవ్రంగా గాయపడి, సిటడెల్ అంతరిక్ష కేంద్రంలోని హ్యుర్టా ఆస్పత్రిలో కోలుకుంటాడు. కొంతకాలానికి షెపర్డ్‌ను అపోలో కేఫ్‌కు పిలుస్తాడు. చుట్టూ యుద్ధం, వాళ్లిద్దరూ మాత్రం బల్లకు అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకుంటారు. తనకు తోడెవరూ లేకపోవడానికి కారణం ఏమై ఉంటుందా అని కైడన్ పైకే ఆలోచిస్తాడు. తాను మరీ ఏరి చూసుకునే మనిషినేమో అంటాడు, ఓపిక ఎక్కువేమో అంటాడు. చివరికి, ఇప్పటికే తన మనసుకు దగ్గరైన మనిషితో లోతైన బంధం కావాలనుకుంటున్నానని తేల్చుకుంటాడు. తాను కోరేది చెప్పి, నీకేం కావాలని షెపర్డ్‌ను అడుగుతాడు.

ఈ సన్నివేశంలో గమనించాల్సినవి మూడు. ఒకటి, తాను ఇంతకాలం అబద్ధంలో బతికానని కైడన్ ఎక్కడా అనడు. రాహ్నా మీద ప్రేమ నిజమే, షెపర్డ్ మీద ప్రేమా నిజమే. రెండు, ఈ ఆలస్యానికి పాత్ర స్వభావంలోనే కారణం ఉంది. ప్రేమించిన అమ్మాయి కళ్లలో భయం చూసిన కుర్రాడు తన కోరికను గుర్తించడానికి ఇన్నేళ్లు తీసుకున్నాడంటే నమ్మడానికి ఏ కష్టమూ లేదు. మూడు, అతనిలో కలిగిన ఎరుక ఏదో మెరుపులా దిగిరాదు, మాట్లాడుతూ మాట్లాడుతూ తనకు తానే వివరించుకుంటాడు. నిజ జీవితంలోనూ చాలామందికి ఈ సంగతి ఇలా మాటల్లోనే తెలిసివస్తుంది.

మొదటి ఆటనుంచీ పురుష షెపర్డ్‌గా ఆడి ఈ దారి ఎంచుకున్నవారు ఈ ఐదేళ్లూ కైడన్‌తోపాటు గడిపారు. మొదటి ఆటలో వర్మైర్ గ్రహంపై సహసైనికురాలు ఆష్లీని వదులుకుని అతని ప్రాణం కాపాడారు, రెండో ఆటలో హొరైజన్ గ్రహంపై అతని నిష్ఠూరాలు విన్నారు. ఆటల నిర్మాణంలో వచ్చిన ఎడం పాత్ర జీవితంలో కాలంగా మారింది. రచయితలు దీన్ని 2007లోనే తలపెట్టారా లేదా అన్నదానికంటే, కథలో ఆ కాలం నమ్మదగినట్టుగా పనిచేసిందన్నదే విమర్శకు ముఖ్యం.

3. వినేవారిని బట్టి మారే గతం

ఆడేవారు ఎవరైనా సరే అన్ని పాత్రలూ ప్రేమించేలా ఆటలు తయారుచేసే పద్ధతి ఇప్పుడు బాగా పెరిగింది. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఈ పద్ధతికి ప్లేయర్‌సెక్సువల్ అన్న పేరు వ్యాప్తిలో ఉంది. దీని మేలును తక్కువ చేయకూడదు. ఇన్నాళ్లూ మూసిన తలుపుల ముందు నిలబడ్డవారికి ఇక్కడ ఏ తలుపూ మూసి ఉండదు. మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడా 2017 మార్చిలో విడుదలైనప్పుడు జాల్ అనే పాత్రను స్త్రీ నాయిక మాత్రమే ప్రేమించగలిగేది. ఆటగాళ్ల నుంచి అసంతృప్తి వ్యక్తమయ్యాక జూన్‌లో వచ్చిన అప్‌డేట్‌తో పురుష నాయకుడికీ ఆ అవకాశం ఇచ్చారు. ఆ మార్పు న్యాయమైనదే.

అయితే అందుబాటు ఒక్కటే సరిపోతుందనుకుంటే పాత్ర గతం పలచబడిపోయే ప్రమాదం ఉంది. 2011 నాటి డ్రాగన్ ఏజ్ 2లో ఆండర్స్ అనే పాత్రకు కార్ల్ అనే పాత ప్రేమికుడున్నాడు. కథానాయకుడు పురుషుడైతే ఆండర్స్ ఆ సంబంధం సంగతి చెబుతాడు, కథానాయిక స్త్రీ అయితే కార్ల్‌ను ప్రేమికుడిగా ప్రస్తావించడు. స్త్రీ దగ్గర ఆ గతం దాచవలసిన విషయంగా మిగిలిపోతుంది. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీలో లేయా అనే పాత్ర మాజీ ప్రేమబంధం కెల్‌తో. ఆడేవారి రైతు పాత్ర పురుషుడైతే కెల్ పురుషుడు, స్త్రీ అయితే కెల్ కూడా స్త్రీ. లేయా నిన్నటి ప్రేమ నేటి ప్రేమకు సరిపోయేలా మారిపోతుంది. ఆట మొత్తంలో లేయా స్త్రీనీ పురుషుణ్నీ ప్రేమించగలదు, కానీ ఆమె జీవించే ఏ ఒక్క కథలోనూ ఆ రెండూ ఒకేచోట కనిపించవు. యోషినో చెప్పిన చెరిపివేత ఇక్కడ ఎవరి దురుద్దేశమూ లేకుండానే జరిగిపోయింది.

అదే ఆటలో అలెక్స్ పాత్ర వేరే దారి చూపిస్తుంది. ఆటల పోటీలు, కండబలం తప్ప మరో ధ్యాస లేనట్టు కనిపించే ఈ యువకుడు, పురుష రైతుతో స్నేహం బలపడ్డాక సలూన్‌లో ఏకాంతంగా భోజనానికి పిలిచి మనసు విప్పుతాడు. ఆ భావన తనకు కొత్తదని, అర్థం చేసుకోవడానికి సమయం పట్టిందని ఒప్పుకుంటాడు. ఆ కొద్ది మాటలతోనే పాత్రకు నిన్న, నేడు అంటూ రెండు కాలాలు ఏర్పడ్డాయి.

4. నడివయసు నాన్నలు

2017లో వచ్చిన డ్రీమ్ డాడీ ఈ చర్చకు విలువైన చేర్పు. కూతురు అమండాతో కొత్త ఊరికి మారిన ఒంటరి తండ్రి ఇందులో కథానాయకుడు. అతని చనిపోయిన జీవిత భాగస్వామి పురుషుడా, స్త్రీయా అన్నది మొదట్లోనే ఆడేవారు నిర్ణయిస్తారు. స్త్రీ అని ఎంచుకుంటే, భార్యను పోగొట్టుకున్న దుఃఖమూ, పొరుగింటి నాన్నపై పుట్టే ఇష్టమూ ఒకే మనిషిలో కలిసి ఉంటాయి. కాలేజీ రోజుల్లో ఇతనితో ఒకే గదిలో ఉన్న క్రెయిగ్ ఇప్పుడు విడాకులు తీసుకున్న ముగ్గురు ఆడపిల్లల తండ్రి. క్రెయిగ్ కథ ముందుకు సాగడానికి అతని పాత కాపురం అబద్ధమని ఎవరూ తేల్చనక్కరలేదు. వెలివేత, కుటుంబం ఒత్తిడి వంటివి ఈ ఆట పెద్దగా పట్టించుకోదు, అది దాని పరిమితి. కానీ ఆలస్యంగా మొదలైన ప్రేమకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదన్న గౌరవం అందులో ఉంది.

5. ముగింపు

ఈ పరిశీలనను బట్టి ఆటల విమర్శలో మూడు ప్రశ్నలు వేసుకోవాలని ప్రతిపాదిస్తున్నాను. ఆడేవారి ఎంపిక ఏదైనా పాత్ర గతం నిలకడగా ఉందా? కొత్త ప్రేమ మొదలైనప్పుడు పాత ప్రేమకు విలువ మిగిలిందా? ఆలస్యానికి పాత్ర జీవితంలో కారణం కనిపిస్తోందా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగిన చోట ద్విలైంగికత మెనూలోని ఒక సౌకర్యంగా మిగిలిపోదు, ఒక జీవితంగా కనిపిస్తుంది.

దీనికి తలుపులు మళ్లీ మూయనక్కరలేదు. లేయా అందరికీ అందుబాటులో ఉన్నా కెల్ ఎప్పుడూ ఒకే మనిషిగా ఉండవచ్చు, ఆండర్స్ కార్ల్ గురించి స్త్రీకీ చెప్పవచ్చు. రచనలో అదనంగా కావలసింది నాలుగు వాక్యాలే. నలభై ఏళ్ల వయసులో తనను తాను తెలుసుకుని, ఇన్నాళ్ల జీవితం అబద్ధమేమోనని కుమిలిపోయే మనిషికి ఆ నాలుగు వాక్యాలు ఊరట. ఆ వాక్యాలు రాయమని రచయితలను అడగడం విమర్శకుల బాధ్యత.