సుబ్బారావు మందు, క్యాన్సర్ కణం ఆత్మరక్షణ

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదువుకుని వైద్యుడయ్యారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు సోకితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. స్ప్రూ వచ్చినవారి పేగులు తిన్న అన్నంలోని సారాన్ని పీల్చుకోలేవు. నోరు పూస్తుంది, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గి మనిషి పాలిపోయి చిక్కి శల్యమవుతాడు. ఆ రక్తహీనతకు ఒక ముఖ్య కారణం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కొరత అని తర్వాత తేలింది.

మామగారు కూడబెట్టిన డబ్బుతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్లారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది ప్రాణం పోసింది.

బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలనే లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చిన పిల్లలకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గలేదు సరికదా, మరింత ఉధృతమైంది. ఈ విటమిన్ క్యాన్సర్‌ను పెంచుతోందంటే, దాన్ని అడ్డుకునే పదార్థం క్యాన్సర్‌ను అణచాలి. ఆ చేదు ఫలితం నుంచి ఇంత సూటైన ఆలోచన తీయగలగడం ఫార్బర్ గొప్పతనం. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునేలా సుబ్బారావు బృందం తయారుచేసిన అమైనోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. రెండు నెలలకే సుబ్బారావు కన్నుమూశారు. అదే బృందం చేసిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ముఖ్యమైన మందు.

డీఎన్ఏ తయారీకి కావలసిన ఫోలేట్‌ను (ఫోలిక్ యాసిడ్ జాతి విటమిన్‌ను) సిద్ధం చేసే ఎంజైమును మెథోట్రెక్సేట్ బంధిస్తుంది. క్యాన్సర్ కణం ఈ మందుకు ఎదురుతిరగగలదు. ఆ ఎంజైము జన్యువుకు అనేక నకళ్లు చేసుకుని మందును తట్టుకుంటుందని 1978లో రాబర్ట్ షిమ్కీ బృందం చూపింది.

ఫోలేట్‌కు ఇంకో పని కూడా ఉందని చాలా కాలానికి గానీ తెలియలేదు. వేగంగా పెరిగే కణంలో హానికర ఆక్సిజన్ అణువులు పోగుపడతాయి. వాటిని కణంలోని గ్లూటాథయోన్ అనే పదార్థం అణచివేస్తుంది. వాడిన గ్లూటాథయోన్‌ను తిరిగి పనికి సిద్ధం చేయడానికి ఎన్ఏడీపీహెచ్ అనే అణువు కావాలి. అందులో పెద్ద వాటా ఫోలేట్ మార్గం నుంచే వస్తుందని 2014లో తేలింది. రక్తంలోకి జారిన మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) కణాలకు ఈ ఆక్సిజన్ అణువుల వల్ల కలిగే ఆక్సీకరణ ఒత్తిడి ఇంకా ఎక్కువ. తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ ఇచ్చిన ఎలుకల్లో క్యాన్సర్ దూరపు అవయవాలకు పాకడం తగ్గిందని 2015లో వెలువడిన ప్రయోగాలు చూపాయి. డీఎన్ఏ తయారీని ఆపడానికి పుట్టిన మందు కణం ఆత్మరక్షణనూ దెబ్బతీస్తోందన్న మాట.

క్యాన్సర్ మిగతా మందులకు లొంగకపోవడంలోనూ ఈ రక్షణకు పాత్ర ఉంది. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందులోని ప్లాటినంను గ్లూటాథయోన్ తనకు అంటించుకుని నిర్వీర్యం చేస్తుంది, ఆ జంటను కణం బయటికి నెట్టేస్తుంది. రక్షణ జన్యువులను నడిపే ఎన్ఆర్ఎఫ్2 ప్రోటీన్ మామూలు కణంలో కీప్1 అదుపులో ఉంటుంది. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కీప్1 జన్యువు చెడిపోవడంతో ఆ అదుపు పోతుంది. అలాంటి కణితి కీమోథెరపీకీ రేడియేషన్‌కూ సులభంగా లొంగదు.

గ్లూటాథయోన్‌లాగే ఆక్సీకరణను అడ్డుకునే యాంటీఆక్సిడెంట్ మాత్రలు క్యాన్సర్‌ను ఆపుతాయన్న నమ్మకానికి పరిశోధనలు ఎదురుదెబ్బే కొట్టాయి. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవారిపై జరిగిన అధ్యయనంలో బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ వాడినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో వెల్లడైంది. విటమిన్ ఇ ఇచ్చిన ఎలుకల్లో ఊపిరితిత్తుల కణితులు త్వరగా పెరిగినట్టు 2014లో స్వీడన్ పరిశోధకులు చూపారు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు బలం కోసమని ఈ మాత్రలను సొంతంగా కొని వాడకూడదు, ముందు వైద్యుణ్ణి అడగాలి.